నల్లదారం కట్టిన కాలు

మా నాయనకు ఎడమ కాలు బ్రేకు, కుడి కాలు గేరు. ఇప్పటి మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళకు ఈ మాట చెబితే, ఆడదానికేం తెలుసులే, తిరగేసి చెబుతోంది అన్నట్టు చూస్తారు. నాకు బాగానే తెలుసు. ఇప్పటి బళ్ళకు గేరు ఎడమ పక్క, బ్రేకు కుడి పక్క. మా ఇంట్లో ఉన్న పాత బండికి మాత్రం అంతా తలకిందులు. అది మా నాయన కంటే ముందు పుట్టిన బండి. ఎవరెవరి చేతుల్లోనో నలిగి ఆయన దగ్గరికి వచ్చేసరికి దాని అసలు రంగేదో కనిపెట్టడం కూడా కష్టమైంది. ఎమ్మిగనూరులో మా వీధి మలుపు తిరగకముందే దాని దుబదుబ వినబడేది. అది వినగానే అమ్మ లేచి కంచం కడిగేది.

నాయన పని బోరు మోటార్లు బాగుచేయడం. మంత్రాలయం దోవలోని పల్లెల్లో ఎక్కడ మోటారు కాలినా ఆయనకే ఫోను వచ్చేది. మోటారు ఆగితే మిరపచేను తల వాల్చేస్తుంది, దాంతోపాటు రైతు కూడా. "యాడుండావప్పా? జల్దీ రా" అని అవతలి నుంచి ఒకటే అరుపు. ఈయన పానాల సంచి ట్యాంకు మీద వేసుకుని, సగం అన్నంలో లేచి పోయేవాడు. అమ్మ తిట్టేది. "బండెక్కినంత కాలమేనే నేను మనిషిని. దిగిన దినం నన్ను ఎవురు పిలుస్తారు?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని అది ఉత్తమాట కాదు. ఆయన భయమంతా అదే.

ఆ బండిని లేపడం పెద్ద తంతు. చిన్న మీట నొక్కిపట్టి, ముందున్న కరెంటు మీటరులో ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కును మెల్లగా దించి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. తొందరపడితే అది తిరిగి తంతుంది. బడికి పోయే వయసులో నేనొకసారి మగరాయుడిలా ఎగిరి తన్ని, మడమ వాచి కుంటుకుంటూ తిరిగాను. "నీయట్ల కోపముండేటోళ్ళకు ఇది లొంగదు పాపా" అని నాయన పడీపడీ నవ్వాడు. నా కోపం ఊరంతా ఎరిగిందే. జాకెట్టు కుట్టించుకోను వచ్చేవాళ్ళు కూడా నా మిషనుకు కాస్త దూరంగానే నిలబడి కొలతలు చెబుతారు.

మొన్నమొన్నటిదాకా నడిచిన ఆ బండికి ఇంజను పెట్టె బీట పడింది. కర్నూలు పాత ఊళ్ళో దానికి వైద్యం చేసే మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, సాయిబు, నాయనకు పడుచునాటి దోస్తు. ఇద్దరూ మామా అంటే మామా అనుకుంటారు. బండిని ఆటోలో వేసుకుని పోయాం. ఆయన వెల్డింగు పెట్టాడు, పగిలింది. మళ్ళీ పెట్టాడు, ఆ పక్కన పగిలింది. చివరికి చేతులు గుడ్డకు తుడుచుకుని, "ఇనుములో సత్తువ లేదు మామా. ఇంగ దీన్ని బాధ పెట్టొద్దు" అన్నాడు.

"వేరే పెట్టె దొరకదా?" అన్నాడు నాయన.

"యాడ దొరుకుతాది? ఆ కాలం బండ్లు షోకుకు పెట్టుకునేటోళ్ళ కాడ ఉండాయి. వాళ్ళు బోల్టు గూడా ఇయ్యరు."

షోకంట! గండికోటకు పోయే దోవలో ఒక హోటలు ముందు అలాంటి బండినే పూలకుండీల మధ్య నిలబెట్టి ఉండగా నేను చూశాను. వచ్చినవాళ్ళు దానిమీద కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. దాని కింద ఒక్క నూనె చుక్క లేదు. మా ఇంట్లో గచ్చు మీద నూనె మరక ఎన్ని ముగ్గులేసినా పోయేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్త బండి నాయనే కొన్నాడు. దాన్ని తీసుకుని నేరుగా సాయిబు దగ్గరికే పోయి, "బ్రేకు ఎడమ పక్కకు మార్చియ్యి మామా" అన్నాడు.

"ఆ పక్క గేరు ఉండాది గదా. అది ఇంజను లోపల్నుంచే అట్ల వచ్చినాది. దాన్ని యాడికి పెరికేది? నా మాటిని ఇది వాపసిచ్చి స్కూటరు తెచ్చుకో. రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి, కాళ్ళతో పని లేదు."

"స్కూటరా? మా పాప తోలే బండి మీద పోయి నేను మోటార్లు విప్పల్లనా? పల్లెల్లో నగుతారు మామా."

ఆ నగుబాటుకు జడిసే ఆయన స్కూటరు ముట్టలేదు. మా ఊళ్ళల్లో మగవాళ్ళ పరువు అంతా ఇట్లాంటి చోట్లనే ఉంటుంది. నేను ఎంత అరిచినా వినలేదు.

అమ్మ ఈరన్న గుడికి పోయి నల్లదారం తెచ్చి ఆయన కుడి కాలికి కట్టింది. అది దిష్టికి. నాయన దానికి ఇంకో పని అప్పజెప్పాడు. "దారం కట్టిన కాలే బ్రేకు. సరిపాయ, ఇంగ మర్చిపోను" అన్నాడు. సంత మైదానంలో సాధన మొదలైంది. నేను ఎదురుగా నిలబడి "నల్లదారం!" అని అరిస్తే కుడి కాలు నొక్కేవాడు. అరవకపోతే ఎడమ కాలే దిగేది, ఆ కొత్త బండికి ఎడమ కాలితో నొక్కితే గేరు పెరుగుతుంది, అది నా మీదికే వచ్చేది. "సంపుతావా ఏంది నాయనా!" అని నేను పక్కకు దూకేదాన్ని. "మొక్కై వంగనిది మానై వంగుతాదా పాపా" అని తన మీద తనే సామెత వేసుకునేవాడు.

అయినా నేర్చుకున్నాడు. నేను అరవకుండానే కుడి కాలు దిగే రోజు వచ్చింది. మళ్ళీ పల్లెల్లో తిరిగాడు. "ఏమప్పా, కొత్తపెండ్లికొడుకు మాదిరి ఉండావే" అని రైతులు ఆటపట్టిస్తే ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పేవాడు. అమ్మకే చిక్కొచ్చి పడింది. కొత్త బండి చప్పుడు వినబడదు, ఆయన వాకిట్లోకి వచ్చి దగ్గేదాకా కంచం కడగదు. ఆ ఎండాకాలం మాత్రం మేము బాగానే ఉన్నాం.

పత్తి తీసే కాలంలో ఒక పొద్దున మోటారు కాలిందని ఫోను వస్తే పోయాడు. ఊరి బయట మలుపులో గొర్రెల మంద రోడ్డెక్కింది. నల్లదారం గుర్తు రావడానికైనా రెప్పపాటు ఉండాలి కదా. ఎడమ కాలు దిగింది. బండి ఆగలేదు సరికదా ఇంకా ఉరికింది. గొర్రెలను తప్పించబోయి పక్కన నిలిపి ఉన్న పత్తి లారీ కిందికి పోయాడు. ఆయన్ను బయటికి లాగి నాకు ఫోను చేసింది ఆ గొర్రెల కాపరే. "నీ నాయన కాలు నొక్కుతానే ఉండాడమ్మా, నేను సూసినా. బండే ఆగల్యా" అన్నాడు. కాపరికి తెలియదు పాపం, నొక్కింది ఏ కాలో.

కర్నూలు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కుడి కాలు తీసేశారు. నర్సమ్మ ఒక కవరు తెచ్చి ఇచ్చింది. అందులో ఆయన గడియారం, తాళంచెవి, కత్తిరించిన నల్లదారం ఉన్నాయి. అమ్మ ఆ దారాన్ని చూసి గోడకు తల కొట్టుకుంది. మెలకువ రాగానే నాయన అడిగిన మొదటి మాట, "గొర్రెలేమైనా సచ్చినాయా?" లేదన్నాను. పైకప్పు వైపే చూస్తూ, "నాకు తెలుస్తానే ఉండాది పాపా, అది తప్పు కాలని. తెలుస్తానే నొక్కినా" అన్నాడు.

ఇప్పుడాయన వాకిట్లో కుర్చీలో కూర్చుంటాడు. చక్కెర జబ్బు వల్ల పుండు మానలేదు, పెట్టుడు కాలు మాట డాక్టర్లు ఎత్తడం మానేశారు. ఇంకాస్త పైకి కొయ్యాల్సి రావచ్చంటున్నారు. మొదట్లో రైతుల ఫోన్లు వచ్చేవి, ఎట్లుండావప్పా అని. వాళ్ళకు వేరే మెకానిక్కు దొరికాడు, ఇప్పుడు రావు. ఫోను మాత్రం ఆయన ఒళ్ళోనే ఉంటుంది. పలకరించను వచ్చినవాళ్ళు "ఆ పాత బండే ఉండుంటే ఇట్లయ్యేది కాదు" అంటారు. ఆ తుక్కును ఇంకా తోల్తాండావా అని ఎగతాళి చేసింది వీళ్ళే. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందట. ఒకామెను నేను నోరు మూసుకుని పొమ్మన్నాను కూడా.

అమ్మ మళ్ళీ ఈరన్న గుడికి పోయి దారం తెచ్చింది, ఉన్న ఒక్క ఎడమ కాలికి కట్టింది. "ఈ కాలికి ఇంగ ఏం నేర్పిస్తావే?" అన్నాడు నాయన. ఆమె ముడి వేస్తూనే ఏడ్చింది. ఆయన బాగుపడతాడని మా ఇంట్లో ఎవరికీ ఆశ లేదు. ఆమె కట్టింది, ఆయన కట్టించుకున్నాడు, అంతే.

కట్టు మార్పించడానికి నా స్కూటరు మీదే తీసుకుపోతాను. ఆడోళ్ళ బండని ఇప్పుడేమీ అనడు. చంకకట్టెలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంటాడు. నిన్న అట్లా పోతుంటే గొర్రెల మంద అడ్డం దిగింది. నేను రెండు చేతులా బ్రేకు పట్టాను, స్కూటరు ఆగింది. ఆయన బరువంతా ఎడమ పక్కకు ఒరిగి ఉంటే ఏమైందోనని కిందికి చూశాను. ఎడమ కాలు పాదం పెట్టుకునే కడ్డీని నొక్కిపట్టి ఉంది, వేళ్ళు తెల్లగా పాలిపోయేలా, చీలమండకు నల్లదారంతో.

"సూడు పాపా, ఆగింది" అన్నాడు.

"ఆగింది నాయనా. నువ్వే ఆపినావు" అన్నాను.

గొర్రెలన్నీ దాటిపోయాయి. కాపరి కూడా దాటిపోయాడు. నాయన కడ్డీ మీంచి కాలు తీయలేదు.