తీగలేని గుమ్మం

మా బాబాయి ఎవరినీ నమ్మడు. ఈ మాట నేను పుట్టించింది కాదు. ఆయనే చెప్పుకుంటాడు, అదీ కాస్త గర్వంగా. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, అందులో కనిపించిన మనిషిని కళ్లు చిన్నవి చేసి పరీక్షగా చూసి, ఫరవాలేదనిపించాకే గడ్డం గీసుకోవడం మొదలుపెడతాడని మా పిన్ని అంటుంది.

అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది. ఊళ్లోని పెద్ద గ్రంథాలయంలో కంప్యూటర్ల నెట్‌వర్కంతా ఆయన చేతిలో ఉంటుంది. అందులో ఆయన ప్రాణం ఫైర్‌వాల్ అనే పెట్టె. బయటి ఇంటర్నెట్టుకీ లోపలి కంప్యూటర్లకీ మధ్య కూర్చుని, వచ్చేపోయే ప్రతి సమాచారాన్నీ 'ఎవరు నువ్వు, ఎటు నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు' అని నిలదీసే పెట్టె అది. దాన్ని చూసి బాబాయి అలా తయారయ్యాడో, బాబాయిని చూసి దాన్ని తయారుచేశారో మా ఇంట్లో ఇంకా తేలలేదు. గ్రంథాలయంలో అందరూ ఆయన్ని వెనకాల 'చెక్‌పోస్టు' అంటారు. ధైర్యం ఉన్నవాళ్లు ముందరే అంటారు.

సాహిత్యంలో ఎం.ఏ. ముగించాక నాకు అదే గ్రంథాలయంలో పాత పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. బాబాయి ఇంట్లో ఉండాలని పెట్టె సర్దుకుని వెళ్లాను. గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"ఎటు నుంచి వచ్చావ్?"

"ఇంటి నుంచి, బాబాయ్."

"ఏ ఇంటి నుంచి?"

"మా ఇంటి నుంచే. మీ అన్నయ్య ఇల్లు."

"ఆ సంచిలో ఏముంది?"

"పుస్తకాలు."

"ఈ పెట్టెలో?"

"పుస్తకాలే."

"ఆడపిల్లవి, నాలుగు బట్టలైనా లేకుండా వచ్చావా? ఎక్కడో తేడాగా ఉందే!"

లోపల్నుంచి పిన్ని అరిచింది. "ఏమండీ, అది మన పిల్ల! చిన్నప్పుడు మీ భుజం దిగేది కాదు!"

"అప్పుడు దాని చేతిలో సంచి లేదు కదే!"

ఆ ఇంట్లో మనుషులకి హద్దులుంటాయి. పాలవాళ్లు, పార్సిల్ తెచ్చేవాళ్లు వరండా దాటకూడదు. చుట్టాలు హాలు దాటకూడదు. పక్కింటాయన ఏళ్ల తరబడి రోజూ వస్తున్నా ఇంకా వరండాలోనే ఉన్నాడు. ఒకసారి వాన జల్లు కొడుతోందని ఆయన కుర్చీ కాస్త లోపలికి జరుపుకుంటే, బాబాయి పేపరు చాటునుంచి "ఏంటి సంగతి?" అన్నాడు. పాపం, ఆయన తడుస్తూనే కూర్చున్నాడు. పార్సిల్ వస్తే కిటికీలోంచి చూసి, "పైకెత్తు. తిప్పు. ఊపు. ఇంకోసారి ఊపు," అంటాడు. ఆ రకంగా పిన్ని తెప్పించుకున్న కప్పులు ఎన్నోసార్లు ముక్కలై ఇంట్లోకి అడుగుపెట్టాయి. "చూశావా, ఏదో తేడా ఉందని నాకు ముందే తెలుసు," అనేవాడు బాబాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు, మధ్యాహ్నం విరామంలో తన గదిలోకి రానిచ్చాడు. కిటికీలు లేని చల్లటి గది. మధ్యలో ఇనుప అర, అందులో బుల్లి దీపాలు మిణుకుమంటున్న ఆ పెట్టె.

"చేతులు వెనక్కి కట్టుకుని చూడు," అన్నాడు. "ఈ రంధ్రాలున్నాయే, ఇవి అసలు గుమ్మాలు. ముట్టుకుంటే తగులుతాయి. తీగ గుచ్చితే దీపం వెలుగుతుంది, పీకితే ఆరిపోతుంది. ఇది బయటి ప్రపంచానికి. అంటే దొంగలకి."

"బయటివాళ్లంతా దొంగలేనా బాబాయ్?"

"కాదని తేలేదాకా."

"మరి ఇది?"

"లోపలివాళ్లకి."

"అంటే మంచివాళ్లకి."

"అంటే ఇంకా దొరకని దొంగలకి."

లోపలివైపు రెండు తీగలు పక్కపక్కనే ఉన్నాయి. అవి రెండూ కలిసి ఒకే గుమ్మంగా పనిచేస్తాయట. ఒకటి తెగితే రెండోది బరువంతా మోస్తుంది. "మీ అత్తయ్యలిద్దరి లాగా," అన్నాడు బాబాయి. "పోట్లాటలో ఒకావిడ అలిసిపోతే రెండో ఆవిడ అందుకుంటుంది. అవతలివాడికి తేడా తెలియదు."

"మరి చదువరుల గది, అకౌంట్సు, కెమెరాలు, అన్నీ ఆ జంట తీగలోంచేనా? కలిసిపోవా?"

"ఎలా కలుస్తాయి? ఒక్కోదాని మెడలో ఒక్కో నంబరు బిళ్ల ఉంటుంది. బిళ్లని బట్టి పెట్టె ఒక్కో గుమ్మం తెరుస్తుంది. ఆ గుమ్మాలు కంటికి కనపడవు, చేతికి తగలవు. అయినా నిజమైనవే."

"నవలలో పాత్రల్లాగానా?"

"నాకు నవలలు పడవమ్మాయ్. ఎవరెవరో చెప్పాపెట్టకుండా లోపలికొచ్చేస్తారు."

ఇక ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. పక్కన జరిగేదంతా వింటూ, తను మాత్రం ఒక్క ముక్కా మాట్లాడని గుమ్మం ఒకటుందట. అది మన పక్కింటాయన. అసలు తీగతో పనే లేని గుమ్మం ఇంకొకటుందట. చుట్టూ ఉన్న తీగలన్నీ పీకేసినా, పెట్టెలో ప్రాణం ఉన్నంతవరకూ అది పలుకుతూనే ఉంటుంది. "అది మీ పిన్ని," అన్నాడు. సాయంత్రం ఈ మాట చేరవేస్తే పిన్ని గరిటె పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "ఇంతకీ నన్ను పొగిడినట్టా, తిట్టినట్టా?" అంది.

ఆ మధ్యాహ్నమే పెట్టె పక్కనున్న తెర మీద, గుమ్మాల జాబితాలో అట్టడుగున ఒక పేరు చూశాను. "టన్నెల్ అంటే ఏంటి బాబాయ్? సొరంగమా?"

బాబాయి చటుక్కున తెర ఆర్పేశాడు. "విరామం అయిపోయింది. పోయి పని చూసుకో."

నాకు అనుమానం మొదలైంది. బాబాయి ఇంట్లో ఉంటే ఎవరికైనా మొదలవుతుంది. గమనించడం మొదలుపెట్టాను. రోజూ గ్రంథాలయం తెరవగానే ఆయన ఆ గదిలో గడియ పెట్టుకునేవాడు. ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఒకరోజు గడియ పడని తలుపు సందులోంచి నా కళ్లతో నేనే చూశాను. బాబాయి తెర మీద పుస్తకాల కేటలాగు తెరిచి, పాముల మీది పుస్తకాన్ని తీసుకెళ్లి వంటల విభాగంలో పెట్టాడు! కాసేపు పెదవి కొరుక్కుని ఆలోచించి, ఒక వ్యాకరణ గ్రంథాన్ని తోటపనిలోకి తోశాడు. తనలో తనే నవ్వుకున్నాడు.

పరుగున నా బల్ల దగ్గరికి వెళ్లి కేటలాగు వెతికాను. పాములు పాముల దగ్గరే ఉన్నాయి. వ్యాకరణం వ్యాకరణంలోనే ఉంది. కలగన్నానేమో అనుకున్నాను. మర్నాడు చూస్తే ఆయన ఖగోళశాస్త్రాన్ని కుట్లు అల్లికల్లో కలుపుతున్నాడు.

ఎవరినైనా అడుగుదామంటే బాబాయి ఉద్యోగానికే ముప్పు. అంతలోనే తనిఖీ వచ్చిపడింది.

ఆడిటరమ్మ నెమ్మదస్తురాలు. ఫైర్‌వాల్‌కి ఉన్న గుమ్మాలన్నిటినీ వరసగా తెర మీద చూసుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర ఆగింది. "ఈ టన్నెల్ గురించి మీ పత్రాల్లో లేదే?"

మా డైరెక్టరు గారు కొత్తగా వచ్చినాయన. బాబాయి ఆయన్ని కూడా మొదటిరోజు గుమ్మంలో నిలబెట్టి గుర్తింపు కార్డు అడిగాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏంటయ్యా ఇది? ఎక్కడికి పోతుంది?"

"చెప్పలేను సార్."

"గ్రంథాలయం సమాచారం బయటికి అమ్ముకుంటున్నావా?"

"లేదు సార్."

"మరి చెప్పు!"

"చెప్పలేను సార్."

"చెప్పకపోతే సాయంత్రానికల్లా సస్పెండ్ చేస్తాను. నీ ఉద్యోగం, నీ ఇష్టం."

బాబాయి మళ్లీ అదే మాట అన్నాడు. ఆడిటరమ్మకి కాగితాలు అందించడానికి వచ్చిన నేను గోడకి అంటుకుపోయాను. పాముల సంగతి చెబితే ఆయన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు అర్థం కాలేదు.

"సరే, నేనే పీకేస్తాను. ఏది దాని తీగ?" అన్నారు డైరెక్టరు గారు.

"దానికి వేరే తీగ లేదు సార్."

"తీగ లేని గుమ్మమా? నన్నేమైనా వెర్రివాణ్ణనుకున్నావా?" అంటూ జంట తీగల్లో ఒకటి లాగేశారు. గ్రంథాలయంలో ఎక్కడా చప్పుడు లేదు. "చూశారా! ఎవరికీ ఏమీ కాలేదు. ఇదే దొంగ తీగ!"

"అది జంటలో ఒకటి సార్. రెండోది మోస్తోంది."

డైరెక్టరు గారు రెండోది కూడా లాగారు. చదువరుల గదిలోంచి గోల లేచింది. అకౌంట్సు వాళ్లు వసారాలోకి పరిగెత్తుకొచ్చారు. ఆయన మరింత పట్టుదలగా బయటి తీగ కూడా పీకి, గుప్పెట్లో పట్టుకుని నిలబడ్డారు.

బల్ల మీద బాబాయి ఫోన్ మోగింది. తెర మీద 'అనుమానితురాలు' అని పేరు. పిన్ని పేరు 'ముఖ్య అనుమానితురాలు' కాబట్టి ఇది ఆవిడ కాదని నాకు తెలుసు. బాబాయి చెయ్యి చాపేలోపే డైరెక్టరు గారు లాక్కుని, అందరికీ వినపడేలా పెట్టారు.

"ఒరేయ్ చెక్‌పోస్టూ! నా లైను ఎవడ్రా పీకింది?" అవతల ముసలి గొంతు ఖంగుమంది. "పాములు తీసుకెళ్లి వంటల్లో పెట్టారు! సరిచేస్తుంటే మధ్యలో తెగిపోయింది. నేను రిటైరయ్యానని తెలిసి ఇలా చేస్తున్నారా? ఇవాళ పాములు, రేపు చంటిపిల్లల పెంపకం కూడా వంటల్లోనే పెడతారు!"

ఆ గొంతు నాకు కొత్తేగానీ, మనిషి ఎవరో తెలిసిపోయింది. ఇక్కడ అందరూ కథలుగా చెప్పుకునే, పుస్తకానికో కార్డు రాసి ఈ గ్రంథాలయానికి కేటలాగు తయారుచేసిన 'కార్డులమ్మ' గారు. కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా ఆవిడ పేరు మారలేదు. రిటైరైన రోజే ఆవిడ కంప్యూటర్ ఖాతా మూసేయాలని ఆర్డరు. మూసింది బాబాయే.

ఆయన డైరెక్టరు గారి వైపు రెండు చేతులూ జోడించి, వద్దు అన్నట్టు తల ఊపాడు. బాబాయి చేతులు జోడించగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు వెలిగింది. పాములు వంటల్లోకి వెళ్లింది అసలు కేటలాగులో కాదు, దాని నకలులో. అది ఆవిడకి తెలియదు.

"మాట్లాడవేం రా?" అంది గొంతు.

డైరెక్టరు గారు గుప్పెట్లోని తీగ వైపు చూశారు. బాబాయి వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. "నేను డైరెక్టర్నండి. తీగ... కాస్త వదులైంది. బిగిస్తున్నాం."

"కొత్తవారా? అయితే బాబూ, మీ వాళ్లని కాస్త అదుపులో పెట్టండి. నేనొక్కదాన్ని ఎంతకని చూసుకుంటాను?"

"మీరున్నారనే మా ధైర్యమండీ."

ఫోన్ పెట్టేశాక బాబాయి నేలవైపు చూస్తూ చెప్పాడు. ఖాతా మూశాక ఆవిడ మంచం పట్టినంత పనైందట. తిండి మానేసి, ఇంట్లో డబ్బాలకీ బీరువాలకీ నంబర్లు అంటించడం మొదలుపెట్టిందట. ఒకరోజు అల్లుడి చొక్కాకి కూడా అంటించిందట. అప్పుడు కూతురు వచ్చి బాబాయి దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. అందుకే బయటి తీగలోంచే వాళ్ల ఇంటి కంప్యూటర్‌దాకా ఆ టన్నెల్ సొరంగం తవ్వి, దాని చివర కేటలాగు నకలు పెట్టాడు. రోజూ పొద్దున్నే అందులో నాలుగు తప్పులు పెడతాడు.

"ఆ నకలులోంచి అసలు కేటలాగులోకి దారి ఉందా?" ఆడిటరమ్మ అడిగింది.

"లేదండీ. అసలుదాన్ని ఆవిడ చూడనైనా చూడలేరు."

"ఆవిడంటే మీకింత అభిమానం కదా. అంత కట్టడి ఎందుకు?"

"అభిమానం వేరండీ," బాబాయి తలెత్తాడు. "ఆవిడ చేతికి అసలుది ఇస్తే సాయంత్రానికి నవలలన్నీ మానసిక రోగాల్లో ఉంటాయి."

ఆడిటరమ్మ తెర కేసి ఇంకోసారి చూసింది. "ఈ భవనంలో ఇంత పకడ్బందీగా ఉన్న గుమ్మం ఇదొక్కటే. మిగతావాటిని కూడా ఇలాగే చెయ్యండి. దీన్ని పత్రాల్లో ఎక్కించండి, చాలు."

ఆవిడ వెళ్లిపోయింది. డైరెక్టరు గారు తీగలన్నీ తనే గుచ్చారు. రెండు తప్పు రంధ్రాల్లో గుచ్చితే బాబాయి వెనకాలే మార్చాడు. అంతా అయ్యాక కూడా డైరెక్టరు గారు కదల్లేదు. తలుపు దాకా వెళ్లి, బయట ఎవరూ లేరని చూసుకుని, తిరిగొచ్చి గొంతు తగ్గించారు.

"మా మామగారు రిటైరైన స్టేషన్ మాస్టరయ్యా. ఇంట్లో ఎవరు బాత్రూంకి వెళ్లాలన్నా పచ్చజెండా ఊపేదాకా ఆగాలి. నిన్న నన్ను పావుగంట నిలబెట్టేశాడు. ఏమైనా చెయ్యగలవా?"

బాబాయి ఆయనకి కుర్చీ జరిపాడు. కాగితం, పెన్సిలు తీసి అడిగాడు.

"పెద్దాయనకి రైళ్లు కూడా కావాలా సార్, సిగ్నళ్లు సరిపోతాయా?"