హోటల్ తెల్ల తువ్వాలు, నా పసుపు

ధర్మవరం చెల్లెలికి మోకాళ్ల నొప్పి తగ్గిందా? పెనుకొండ వదినకు దగ్గు ఎలా ఉంది? హిందూపురంలో మా ఆయన బీపీ మాత్ర వేసుకున్నారా, లేదా?

మనవరాలి ఆఫీసు పనికి తోడుగా కౌలాలంపూర్ వచ్చిన నేను ఈ రోజు కొద్దిలో ఆసుపత్రి పాలవకుండా తప్పించుకున్నాను.

పొద్దున పసుపు రాసుకుని స్నానం చేసి, హోటలువాళ్ల తెల్ల తువ్వాలుతో తుడుచుకున్నాను. అది పచ్చబడింది. ఏమంటారోనన్న భయంతో సబ్బు పెట్టి రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఊరుకుంటుందా? నెత్తుటి గుడ్డలా ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే గది ఊడ్చే అమ్మాయి వచ్చి, చూసి కేక పెట్టింది. వెంటనే మేనేజరు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. నా మాట వాళ్లకు తెలియదు, వాళ్ల మాట నాకు తెలియదు.

కింద టిఫిన్ తింటున్న మనవరాలికి ఫోన్ చేశాను.

"యాడుండావే తల్లీ? బిరబిరా రా, నన్ను ఆస్పత్రికి ఎత్తుకపోతాండారు!"

అది వచ్చేలోగా ఆగలేక, ఇంకో తువ్వాలు తీసి పసుపు పూసి, సబ్బు రుద్ది చూపించాను. అదీ ఎర్రబడింది. ముందు ఆ అమ్మాయి నవ్వింది, తర్వాత మేనేజరు నవ్వాడు.

అప్పుడే వచ్చిన మనవరాలు మాత్రం నవ్వలేదు. "ఏందవ్వా, ఒకటి చాలదని రెండోది గూడా చెడగొడితివా?"

"చెడగొట్టకుంటే ఈపాటికి ఆడ సూది పొడిపించుకుంటాంటినే!"

పసుపు మరక ఎండకు పోతుంది గానీ, ఈ గది కిటికీ తెరుచుకోదు. వేరే ఉపాయం తెలిసినవాళ్లు మన ఇంటివాళ్ల గ్రూపులో త్వరగా రాయండి.

చెల్లీ, వచ్చే ఆదివారం పొద్దున మీ ఇంటికి వస్తున్నాను. తెల్ల తువ్వాళ్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యి.