మానేశానా, మాన్పించారా?

మొన్న వేసవిలో, అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లోని మా తెలుగు చర్చి వాళ్లమంతా నాలుగు కార్లేసుకుని పెన్సిల్వేనియాలో ఆమిష్ ఊళ్లు చూసొచ్చాం. కార్లూ, ఇంటికి కరెంటు తీగలూ వద్దనుకుని పాత పద్ధతిలో బతికే క్రైస్తవులు వాళ్లు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర చర్చ పెట్టారు. ఆమిష్ బతుకు మంచిదా, కాదా? పిల్లలకు అలవాటవుతుందని అందరూ తెలుగులోనే మాట్లాడాలన్నారు.

మంచిదనే పక్షానికి మా ఆయన నాయకుడు. నన్ను ఎదుటి పక్షంలో వేశారు. నిజం చెప్పొద్దూ, వాళ్లలో నాకు నచ్చినవి చాలానే ఉన్నాయి. ఒకరి కొట్టం కాలిపోతే ఊరంతా వచ్చి కట్టిపెడుతుందట. పాప పుట్టినప్పుడు కాస్త చారన్నం కలిపిచ్చే దిక్కు లేక ఏడ్చినదాన్ని, అది చిన్న విషయమని ఎలా అంటాను? కానీ ఫోన్ లేని జీవితం ఎంత ప్రశాంతమో ఉపన్యాసం ఇస్తున్న మా ఆయన పక్షం పెద్దమనిషి, ఆ రోజు గుర్రబ్బండి ఎక్కింది మొదలు దిగేదాకా వీడియో తీసినవాడే. నాకు ఒళ్లు మండింది.

తర్వాత మా ఆయన లేచారు. "ఎయిత్ గ్రేడ్ అవగానే వాళ్ల పిల్లలు చదువు మానేస్తారు. హాయిగా పనిలో పడతారు. స్ట్రెస్ లేదు, ఎగ్జామ్స్ లేవు."

"మానేస్తారా, మాన్పిస్తారా?" అన్నాను.

అందరూ నవ్వారు. పదకొండేళ్ల మా పాప మాత్రం నవ్వలేదు. "మమ్మీ, డిఫరెన్స్ ఏంటి?"

"పియానో నీకు ఇష్టం లేక వదిలేశావు. అది మానేయడం. స్విమ్మింగ్ నీకు ఇష్టమే, డ్రైవ్ చేసేవాళ్లు లేరని మేం ఆపేశాం. అది మాన్పించడం."

"మరి నీ కాలేజ్? నువ్వు మానేశావ్ అని డాడీ అందరికీ చెప్తాడు కదా?"

పెళ్లయి ఇక్కడికొచ్చాక కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. రెండు సెమిస్టర్లు చదివాను. పాప పుట్టాక, "ఇప్పుడెందుకులే, తర్వాత చూద్దాం" అన్నారు మా ఆయన. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. ఎవరడిగినా "పాప కోసం మానేసింది" అని ఆయనే చెప్పేవారు. నేను పక్కన నిలబడి తలూపేదాన్ని. అలా తలూపినందుకు నా మీద నాకే కోపం. ఇప్పుడు కూడా తలూపితే నా కూతురు దాన్నే నేర్చుకుంటుంది.

"మాన్పించారమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఒకావిడ పలావు చల్లారిపోతోందంటూ లేచి గబగబా ప్లేట్లు సర్దింది. ఎవరు గెలిచారో ఎవరూ చెప్పలేదు.

తిరిగి ఇంటికొస్తుంటే, కారులో మా ఆయన అన్నారు. "అందరి ముందూ అనాలా?"

"అందరి ముందూ మానేసిందని చెప్పింది మీరే కదండీ. ఈ ఫాల్ సెమిస్టర్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకుంటున్నాను. క్లాసులు పొద్దున్నే. పాపను స్కూల్లో మీరు డ్రాప్ చేయాలి."

"నువ్వు ముందే అడిగుంటే నేను కాదనేవాణ్ణా?"

"నేను అడగడం లేదండీ. చెప్తున్నాను."