బిందె ఎత్తని రాకుమారుడు

కంప్యూటరు ముందు కూర్చోవడానికి కూడా వంశం చూసే రోజులు ఉండేవంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా చిన్నమామ నడిపే బ్రౌజింగ్ సెంటరులో ఆరు కంప్యూటర్లూ, ఐదు ప్లాస్టిక్ స్టూళ్ళూ, చేతులున్న కుర్చీ ఒక్కటీ ఉండేవి. ఆ కుర్చీ నాది. మా పూర్వీకులకు ఒక కోట ఉండేది. (అది కోట కాదు, కాస్త ఎత్తైన మట్టిగోడ అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు మాటల్లేవు.) అది ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అడిగితే తాతయ్య చుట్ట వెలిగించేవాడు, నాన్న చొక్కా తొడుక్కుని బయటికి పోయేవాడు. నాకు ఊహ తెలిసేసరికి మేము అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. ఆ వైభవంలో మిగిలింది నిటారుగా ఉండే నా వెన్నూ, చిన్నమామ మొహమాటపడి నాకు వదిలేసిన ఆ కుర్చీ.

అక్కడికి వచ్చే కుర్రాళ్ళమందరం కంప్యూటర్లలో ఒక కోట ఆట ఆడేవాళ్ళం. మొదటి భాగంలో రాకుమారుడు గుర్రమెక్కి శత్రువులను తరిమి, చివరికి సింహాసనం మీద కూర్చుంటాడు. అది నా జీవితచరిత్రే అనుకునేవాణ్ణి. రెండో భాగం కోసం ఏడాదిన్నర ఎదురుచూశాక చిన్నమామ ఎక్కడినుంచో ఒక డిస్కు తెచ్చాడు. ఆట మొదలైంది. అదే రాకుమారుడు, చిరిగిన పంచెతో ఒక సత్రం బావి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన బిందె. నీళ్ళు తోడి లోపలి తొట్టి నింపాలి, నలభై బిందెలు. కోట ఏమైంది, ఎవరు వెళ్ళగొట్టారు, ఒక్క ముక్క లేదు. మిగతావాళ్ళు కథ నత్తనడక నడుస్తోందని గొణిగారు. నా అభ్యంతరం అంతకంటే ఉన్నతమైనది. సింహాసనం ఎక్కినవాడి చేత బిందె మోయించే హక్కు ఏ కథకుడికీ లేదని స్టూళ్ళ మీదివాళ్ళకు రోజూ ఉపన్యాసమిచ్చాను. ఎదురు చెప్పింది ఒక్కడే. ఫ్యాక్టరీలో చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చేవాడు, నా ఈడువాడు, అందరూ తీపెట్టి, అంటే అరవంలో అగ్గిపెట్టె, అని పిలిచేవాళ్ళు. నన్నతను జమీను అనేవాడు. అందులో గౌరవం ఎంతో, ఎకసెక్కం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నీళ్ళు మోసేవానికే ఏ వాకిలి యాడుండాదో తెలుస్తాది, జమీను," అన్నాడు. "కత మెల్లిగా పోలేదు. నువ్వు బిందె ఎత్తలేదు, అంతే."

మూడు వారాలు వాదించుకున్నాం. ఆఖరికి చిన్నమామ విసిగిపోయాడు. "ఆదారం ఇద్దురూ ఆడండి, అల్లుడా. ఎవుడు ముందు సత్రం దాటితే కుర్చీ వానిది."

ఆదివారం తీపెట్టి స్టూలు మీద గూనిగా కూర్చుని బిందె మీద బిందె మోశాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. నా రాకుమారుడు బావి పక్కన నిలబడ్డాడు. బిందె ఎత్తే మీట నేను నొక్కలేదు. ఎవరో ఒకరు వచ్చి గుర్తుపడతారని, దండం పెట్టి బిందె అందుకుంటారని నా నమ్మకం. (సత్రంలోంచి ఒక కోడి మాత్రం వచ్చింది. రెండుసార్లు.) భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రానికి తీపెట్టి తొట్టి వెనక దొంగవాకిలి కనిపెట్టి, అక్కడ దాచిన కత్తి చేతపట్టుకుని సత్రం దాటేశాడు. నేను లేచి, ఈ కథ రాసినవాడికి వంశం లేదని ప్రకటించి, వెన్ను వంచకుండా బయటికి నడిచాను. రెండేళ్ళు ఆ గడప తొక్కలేదు.

ఈలోగా విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోదాములో పనికి కుదిరాను. కొత్తగా చేరినవాడు అందరికీ తాగునీళ్ళు తేవడం అక్కడి ఆనవాయితీ. మొదటిరోజు కుళాయి దగ్గర బిందె పక్కన పదకొండు గంటల దాకా నిలబడ్డాను. మిరప ఘాటుకు దగ్గి దగ్గి, గొంతు ఎండిపోయి, చివరికి ఎత్తాను. (ఇక్కడ కోడి కూడా రాలేదు.) ఆ గోదాము మేస్త్రీ ఇంట్లో అదే ఆట రెండు డిస్కులుగా కనిపించింది. అప్పుడు తెలిసింది, చిన్నమామ తెచ్చినది ఒక్క డిస్కులో పట్టించడానికి కథ చెప్పే దృశ్యాలన్నీ ఎవరో కోసేసిన నకలు అని. లేని కథ గురించి మేము మూడు వారాలు కొట్టుకున్నాం. అసలు డిస్కులో బావికి ముందు పావుగంట కథ ఉంది. శత్రువుల రాయబారి వస్తాడు. తాను సింహాసనం దిగి ఎదురువెళ్ళాలా, అతడే మెట్లెక్కి రావాలా అని రాకుమారుడు రెండు రోజులు సభ నడుపుతాడు. ఆలోగా శత్రుసైన్యం వెనక వాకిలి గుండా లోపలికి వచ్చేస్తుంది. అక్కడొక వాకిలి ఉందని రాకుమారుడికి తెలియదు. నీళ్ళు మోసేవాళ్ళకు తెలుసు. అది చూశాక, తాతయ్య చుట్ట ఎందుకు వెలిగించేవాడో నాకు కొంచెం అర్థమైంది.

తర్వాతి ఆదివారం ఆ డిస్కులు అడిగి తీసుకుని కోవిల్‌పట్టి వెళ్ళాను. తీపెట్టి కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేచి, "రా జమీను, కూచో," అన్నాడు. నేను స్టూలు లాక్కున్నాను. ఇద్దరం ఆ పావుగంటా చూశాం. అతను గెలిచాననలేదు. "ఇంత కత లేకపోయినా బాగానే కొట్టుకొంటిమి," అన్నాడు. ఆ స్టూలుకు వీపు ఆన్చుకునే వీలు లేదు. నేను ఎలాగూ ఆన్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు మా ఇంట్లో తాగునీళ్ళు పట్టేది నేనే. వీధి కుళాయి కింద బిందె నిండేలోగా, ఈ వయసులో కూడా, అప్పుడప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంటాను, ఎవరైనా గుర్తుపడతారేమోనని. మా వీధిలో కోళ్ళకు కొదవ లేదు.