గుడ్డు చిదపనివారి సంఘం

కొరియా రాజధాని సియోల్ నగరంలోని ఒక ఇరుకు సందులో ఓక్ సున్‌రేకి ఇస్త్రీ దుకాణం ఉండేది. యాభై దాటినా ఆమె ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ఎన్నికల రోజు సెలవు కాబట్టి కంటినిండా నిద్రపోయేది. ఎవరైనా అడిగితే, "ఎవరొచ్చినా చొక్కాలు నలగడం మానవుగా," అనేది.

ఆమెను వీధిలోకి తెచ్చింది దేశభక్తి అనడానికి ఆధారాలు లేవు. దొరికిన ఆధారాలన్నీ ఒళ్ళుమంటనే చూపిస్తున్నాయి. ఆ శీతాకాలం దేశాధ్యక్షులవారి అబద్ధాలు ఒకదాని వెంట ఒకటి బయటపడుతుంటే, జనం శనివారాల్లో కొవ్వొత్తులు పట్టుకుని పెద్ద కూడలిలో చేరసాగారు. వాళ్ళు మామూలు మనుషులు కారనీ, ఏవో సంఘాలు తోలుకొచ్చిన మంద అనీ అధికార ప్రతినిధి ఒకాయన టీవీలో సెలవిచ్చాడు. అంతకు ముందు వారమే చూసొద్దామని కూడలికి వెళ్ళివచ్చిన సున్‌రేకి ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది.

"నన్నెవడు తోలుకెళ్ళాడే? సొంత డబ్బుతో బస్సెక్కాను," అంది పక్కనే జుట్టు కత్తిరించే దుకాణం నడిపే పి హోంగ్‌రాన్‌తో. "వాడికి సంఘం కావాలిట కదా. పెట్టేద్దాం."

"ఏం సంఘం అక్కా?"

సున్‌రే కాసేపు ఆలోచించింది. జీవితంలో తనకు గట్టి అభిప్రాయం ఉన్న విషయం ఒక్కటే కనిపించింది: నూడుల్స్ ఉడికేటప్పుడు కొట్టి వేసిన గుడ్డును కలియతిప్పి చిదపకూడదు. పాత దుప్పటి ఒకటి తీసి, మడత లేకుండా ఇస్త్రీ చేసి, పెద్ద అక్షరాలతో రాసింది: 'నూడుల్స్‌లో గుడ్డు చిదపనివారి అఖిల జాతీయ సంఘం'.

శనివారం కార్మిక సంఘాల జెండాల మధ్య ఆ దుప్పటి లేచేసరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి, "మేమూ చిదపం, చేరొచ్చా?" అని అడగసాగారు. మరుసటి వారానికి జెండా కింద కాలు పెట్టే చోటు లేదు. ఆఖరికి చిదిపేవాళ్ళూ వచ్చారు. వాళ్ళ నాయకుడు గుమ్ దల్సు, పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు.

"చిదిపితేనే పులుసుకి రుచమ్మా. అందులో రాజీ లేదు," అన్నాడాయన. "అధ్యక్షులవారు దిగిపోవాలన్న దాంట్లో మాత్రం మీ వెంటే."

అందరూ చేరారు. న్యాయంగా చెప్పాలంటే, ఇక్కడినుంచి తప్పు సున్‌రేదే. ఎక్కడ నిలబడాలో, ఏ నినాదం ఇవ్వాలో, వేడి చేపల పులుసు ఏ బండి దగ్గర తాగాలో అన్నీ తనే నిర్ణయించేది. ఎవరైనా ఎందుకని అడిగితే, "జెండా ఎవరిది?" అనేది.

ఒక శనివారం హోంగ్‌రాన్ నవ్వుతూనే అనేసింది. "అక్కా, మనం దింపడానికొచ్చింది ఆ అధ్యక్ష భవనంలో ఉన్నవాళ్ళనా, నిన్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. సున్‌రే మొహం మాడిపోయింది. కానీ హోంగ్‌రాన్ మాటలో నిజముంది.

"సరే. ఎన్నిక పెట్టండి," అంది. "ఓడితే జెండా ఇచ్చేస్తాను."

దల్సు పోటీకి నిలబడ్డాడు. ఎవరికి ఓటేస్తే వాళ్ళ పేరు పిలిచినప్పుడు కొవ్వొత్తి పైకెత్తాలన్నారు. లెక్కపెట్టడానికి ఏ పక్షానికీ చెందని మనిషి కావాలి గనుక అడ్డుకంచె దగ్గరున్న పోలీసును అడిగారు.

"నేను డ్యూటీలో ఉన్నానండీ," అన్నాడతను.

"మేమూ డ్యూటీలోనే ఉన్నాం బాబూ. లెక్కపెట్టు," అంది సున్‌రే.

అతను పెదవులు బిగించి నవ్వాపుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు. సున్‌రే తన కొవ్వొత్తి తనకే ఎత్తుకుంది. అందులో దాపరికమేమీ లేదు. జీవితంలో అదే ఆమె మొదటి ఓటు. అది చాలలేదు. దల్సు గెలిచాడు.

అందరూ ఆమె చేతిలోని జెండా కర్రవైపు చూశారు. దుప్పటి ఆమెది, రాత ఆమెది, పట్టు కూడా గట్టిదే. కావాలంటే చుట్ట చుట్టుకుని బస్సెక్కవచ్చు. దూరాన దీపాలు వెలుగుతున్న అధ్యక్ష భవనం వైపు ఒకసారి చూసి, ఆమె జెండా దల్సు చేతిలో పెట్టింది.

కూడలి దద్దరిల్లింది. పక్క సంఘాలవాళ్ళు విషయం తెలియకుండానే చప్పట్లు కొట్టారు. వింత ఏమిటంటే, ఓడిపోయిన సున్‌రేకి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ హోంగ్‌రాన్ భుజం మీద వాలిపోయింది.

దల్సు గొంతు సవరించుకుని, "ఇక అందరం కుడివైపు నడుద్దాం," అన్నాడు.

"ఆగండి బాబాయ్‌గారూ," అంది సున్‌రే కళ్ళు తుడుచుకుంటూ. "కుడివైపే ఎందుకు? ఎవర్నడిగారు?"

"గెలిచి నిమిషం కాలేదు కదమ్మా."

"అయితే త్వరగా చెప్పండి," అంటూ ఆమె వెనక్కి తిరిగి, చిదపనివాళ్ళందర్నీ తన చుట్టూ పోగెయ్యడం మొదలుపెట్టింది.