సన్న లైనుకు సగం పని

ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య సాగిన రెండు టెలిఫోను లైన్ల చేత, ఒకటి లావు ఒకటి సన్నం అయినా, సరిసమానంగా చాకిరీ చేయించిన మొనగాణ్ణి నేను. నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరు కుదరదన్నది నేను ఒక్క అంకె మార్చి సాధించాను. రెండు నిమిషాల పని. నా తెలివికి నేనే మురిసిపోయి స్పెషల్ టీ తెప్పించుకుని తాగాను.

తొంభైల చివర్లో ఆత్మకూరులో మాకో కంప్యూటర్ సెంటరు ఉండేది. ఉదయగిరిలో దాని బ్రాంచి. బ్రాంచిలో ఉన్నవి ఉత్త తెరలు, కీబోర్డులే. అసలు మిషను ఆత్మకూరులో. అక్కడ ఒక అక్షరం కొడితే అది లైను మీద ఇక్కడికొచ్చి, తిరిగి వెళ్ళి, అప్పుడు తెర మీద కనపడేది. మొదట సన్న లైను ఒక్కటే ఉండేది. తర్వాత దానికి ఆరేడు రెట్లు మోయగల కొత్తది వచ్చింది. కానీ పాతదానికి ఏడాది అద్దె ముందే కట్టి ఉన్నాను. అది తిరిగి రాదు.

"పాతదాన్ని ఊరికే పెట్టుకోన్నా. కొత్తది తెగిన రోజున పనికొస్తాది," అన్నాడు ఇంజనీరు.

"ఊరికే కూర్చోబెట్టి మేపేదానికి అదేమన్నా ఇంటల్లుడా?"

అతను నవ్వి, వచ్చిన సమాచారాన్ని ముక్కలు చేసి, రెండు దారుల్లో ఏ ముక్కను ఎటు పంపాలో తేల్చే రూటర్ అనే పెట్టెలో ఏదో రాశాడు. "లావుదాని మీద ఆరేడు ముక్కలు పోతే సన్నదాని మీద ఒకటి పోతాది. అంతకంటే ఆశపడబాక."

మాది అంగళ్ళ కుటుంబం. ఒకడు బస్తా మోస్తుంటే రెండోవాడు నిలబడి చూడటమంటే నాకు చిన్నప్పటి నుంచీ కంపరం. బల్లి పెంటికల మధ్య, దుమ్ము పట్టిన వైర్ల మధ్య ఆ సన్న లైను మోడెం దీపం ఎప్పుడో ఒకసారి బద్ధకంగా మిణుకుమంటుంటే ఒళ్ళు మండేది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఈలోపు ఒక సంగతి కనిపెట్టాను. రూటర్ లైనును కొలిచి చూడదు. దాని వెడల్పు ఇంత అని మనం రాసిన అంకెనే నమ్ముతుంది. మా నాయన, లారీవాడు ఏ తూకం చెప్పినా సరే, తన కాటా మీద మళ్ళీ వేయందే బస్తా దించనిచ్చేవాడు కాదు. ఈ రూటరంత అమాయకపు గిరాకీ నాకు జన్మలో తగల్లేదు. లావు లైనుకు రాసి ఉన్న అరవై నాలుగునే సన్నదానికీ రాసేశాను. ఉదయగిరి రూటర్లోకి ఇక్కణ్ణుంచే దూరి అక్కడా అదే రాశాను. ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు. దీపాలు రెండూ పోటీపడ్డాయి. ఏ లైను మీద ఎన్ని ముక్కలు పోయాయో లెక్క చూపే కౌంటర్లలో రెండు లైన్లూ సమానం.

నేను కౌంటర్లే చూశాను. ఉదయగిరి తెర ముందు కూర్చున్నవాళ్ళను అడగలేదు.

ఆ వారమే ఉదయగిరి బ్రాంచిలో టైపు నేర్పే ఉద్యోగానికి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఆత్మకూరు మనిషి. అసలు మిషను ముందే కూర్చుని పరీక్ష రాసి వెళ్ళాడు. రెండో ఆమెది వరికుంటపాడు. ముప్ఫై దాటి ఉంటాయి. ఏళ్ళ తరబడి టైపు మిషను మీద పాఠాలు చెప్పింది. ఆ టైపు సెంటరు మూసేస్తున్నారు, ఈ ఉద్యోగం దొరక్కపోతే ఆమెకు ఇంకో ఆధారం లేదు. ఆమెకు పరీక్ష పెట్టడానికి నేనే బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాను.

తెరలన్నీ నడుస్తున్న వేళ. ఆమె వేళ్ళు పరిగెత్తాయి. తెర మీద ఒక అక్షరం వెంటనే పడింది, తర్వాతది ఎక్కడో చిక్కుకుంది, ఆనక నాలుగు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. తప్పు చెరపబోతే ఆ చెరపడం కూడా ఆలస్యంగా జరిగింది. ఇంకా చెరగలేదేమోనని మళ్ళీ నొక్కితే మంచి అక్షరాలు పోయాయి.

"సార్, అక్షరాలు ఆగి ఆగి వస్తా ఉండాయి."

"టైపు మిషను అలవాటక్కా అది. ఇది కంప్యూటరు, మెత్తగా కొట్టాల."

"మెత్తగానే కొట్టినాను. చేతగానిది మీ తెరకు సార్. ముందు దానికి పెట్టండి పరీక్ష."

గదిలో నేర్చుకునేవాళ్ళంతా ఆమెను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నాకు అప్పుడే అనుమానం తగిలింది. అంకె వెనక్కి మార్చి చూస్తే తేలిపోయేది. కానీ ఆ సన్న లైను మళ్ళీ సోమరిగా పడుంటుందే అని మనసొప్పలేదు. ఆమె తప్పిందని రాసుకుని బస్సెక్కాను. ఉద్యోగం ఆత్మకూరు ఆయనకిచ్చాను.

నెల తర్వాత వేరే పని మీద వచ్చిన ఇంజనీరు రూటర్ తెరిచి చూసి తల పట్టుకున్నాడు.

"ఎవురు రాసినారన్నా ఈ అరవై నాలుగు?"

"నేనే."

"మర్రిపాడు రోడ్డున పోయే లారీల్లో సగం తెచ్చి సందులోకి తోలినావే! సరుకు వరస తప్పకుండా దిగాల గాబట్టి, సందులో ఇరుక్కున్నదాని కోసం రోడ్డు మీది లారీ కూడా ఆగాల్సిందే గదా. ఇన్నాళ్ళూ ఎట్ట పనిచేసినారు వాళ్ళు?"

అతను పాత అంకె పెట్టేశాడు. మర్నాడే ఉదయగిరి వెళ్ళి, ఆమెకు కబురంపి, మళ్ళీ పరీక్ష పెట్టాను. ఈసారి తెర ఆమె వేళ్ళ వెంటే నడిచింది. ఇచ్చిన గడువుకు ముందే ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆత్మకూరు ఆయన ఈమె దరిదాపుల్లో లేడు. కానీ ఆయన ఉన్న పని మానుకుని వచ్చి మా దగ్గర చేరిపోయాడు.

సంగతంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు.

"తప్పు నా చేతుల్లో లేదని తేలింది గదా సార్. ఆ మాట ఆ రోజు నవ్వినోళ్ళ ముందర చెప్పండి."

నాకు బేరం నోటికొచ్చింది. "కాయితం మీద రాసిస్తానక్కా, సంతకం పెట్టి. ఇంకెక్కడన్నా ఉద్యోగానికి పనికొస్తాది."

"వాళ్ళు కాయితం మీద నవ్వినారా?"

లేచి నిలబడి చెప్పాను. ముందు బెంచీ వాళ్ళకు వినపడేంత మెల్లగా చెప్పాను. వెనక బెంచీ నుంచి ఎవరో "ఏంది సార్, ఏమంటా ఉండారు?" అని అడిగారు. రెండోసారి చెప్పలేదు. అప్పటికే ఆమె సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగుతోంది.

ఇక లెక్క. సన్న లైను అద్దె నేనేం చేసినా చేయకపోయినా పోయిందే, కాబట్టి దానికి సగం పని చెప్పి నేను మిగిల్చింది ఏమీ లేదు. నెల రోజుల పాటు అక్కడ నేర్చుకునేవాళ్ళంతా తమ వేళ్ళనే అనుమానించారు. మా బ్రాంచికి ఆమె కంటే తక్కువవాడు దక్కాడు. ఆమెకు ఉద్యోగం పోయింది. ఇంతటికీ నేను చెల్లించింది ఒక్క మాట, అదీ వెనక బెంచీకి వినపడకుండా.