అమ్మ గాజులకు వేలాడిన పిన్నీసు

ఈరోజు బస్సులో పక్కన కూర్చున్నావిడ గాజులకు పిన్నీసుల గుత్తి కనిపించింది. మీకూ గుర్తుండే ఉంటుంది, మన అమ్మలందరి చేతులకూ అవి ఉండేవి. లంగాకి బొందు ఎక్కించాలన్నా, కాల్లో ముల్లు తీయాలన్నా అవే దిక్కు.

తొంభైల్లో, నర్సీపట్నంలో నేను మూడో తరగతి చదువుతున్న రోజులవి. నా రిబ్బను ముడి పడితే అమ్మ గాజుకున్న పిన్నీసు తీసుకుని, ముడిని ముఖం దగ్గర పెట్టుకుని పెకిలించాను. ముడి వీడిన ఊపులో పిన్నీసు ఎడమకంట్లో గుచ్చుకుంది. రక్తం రాలేదు, నీళ్ళు కారాయంతే.

"ఏటీ అవదే, సల్లబడిపోద్ది" అంటూ అమ్మ పక్కింటి బాలింతను పిలిచి కంట్లో చనుబాలు వేయించింది. నొప్పి తగ్గింది కూడా. మూడోరోజుకి కన్ను ఎర్రగా వాచి, చూపు మసకబారింది.

విశాఖలో కంటి డాక్టరుగారు, "కన్నం చిన్నదేనమ్మా, కానీ పిన్నీసుతోపాటు మురికి లోపలికెళ్ళి చీము పట్టింది. పాలు వెయ్యకుండా ఆరోజే తేవాల్సింది" అన్నారు.

అమ్మ తన గాజుకున్న పిన్నీసు వైపు చూసుకుంది. "ముందురోజు దాంతోనే నా కాల్లో ముల్లు తీసేనండి."

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. అమ్మ గాజులకు పిన్నీసు పెట్టడం మానేసింది. ఇప్పటికీ నాతో ఏదైనా మాట్లాడాలంటే, చుట్టూ తిరిగొచ్చి మరీ నా కుడిపక్కన కూర్చుంటుంది.